రాజముద్ర ఎవరి దగ్గరుంటే వాళ్లదేనా ప్రభుత్వం? అంతర్యుద్ధ కాలంలో ఒక ఇంగ్లిష్ లాయరు జీవితం

1659 డిసెంబరు నెలాఖరు. లండన్‌లో ఒక ఇల్లాలు తాళం వేసిన పెట్టె పట్టుకుని పార్లమెంటు స్పీకర్ విలియం లెంథాల్ దగ్గరికి వెళ్లింది. పెట్టెలో ఉన్నది ఇంగ్లండ్ రాజముద్ర. అది లేకపోతే ఆ దేశంలో ఒక ఫర్మానా కదలదు, జడ్జి నియామకం చెల్లదు. దాన్ని అప్పటిదాకా భద్రపరుస్తున్నది ఆమె భర్త బల్‌స్ట్రోడ్ వైట్‌లాక్. ఆయన మాత్రం ఆ సమయానికి అరెస్టు భయంతో లండన్ వదిలి వెళ్లిపోయాడు.

వైట్‌లాక్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. ఇంగ్లిష్ అంతర్యుద్ధం అనగానే మనకు గుర్తొచ్చేది తల పోగొట్టుకున్న మొదటి చార్లెస్, ఆయన మీద గెలిచిన ఆలివర్ క్రామ్‌వెల్. కానీ 1640 నుంచి 1660 దాకా ఆ దేశంలో ప్రభుత్వం అరడజను సార్లు రూపం మార్చుకుంది. వాటిలో దాదాపు ప్రతి దాంట్లోనూ ఈ లాయరు ఏదో ఒక పదవిలో ఉన్నాడు. దీన్ని గోడమీది పిల్లి వాటం అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాట తేలిగ్గా అనేయవచ్చు. అయితే ఆ రోజుల్లో చట్టం అంటే ఏమిటో, అది ఎవరి పేరుతో నడిచేదో తెలిస్తే ప్రశ్న చాలా చిక్కుపడుతుంది. ఆ చిక్కు విప్పడానికే ఈ వ్యాసం.

రాజముద్ర అంటే ఏమిటి?

రాజముద్ర అంటే లోహపు అచ్చుల జత. వాటి మధ్య మైనం పెట్టి నొక్కితే రెండు వైపులా బొమ్మలు పడతాయి. ఒకవైపు సింహాసనం మీద కూర్చున్న రాజు, రెండోవైపు గుర్రమెక్కిన రాజు. అరచేతికంటే పెద్దదైన ఆ మైనపు బిళ్లను తోలు పత్రానికి వేలాడదీస్తారు. భూమి పట్టా ఇవ్వాలన్నా, జడ్జిని నియమించాలన్నా, పార్లమెంటును పిలవాలన్నా, విదేశంతో సంధి చేసుకోవాలన్నా అది ఉండాలి. రాజు సంతకం కంటే ఈ బిళ్లకే బరువెక్కువ. సంతకం మనిషిది, ముద్ర రాజ్యానిది.

మామూలుగా ఇది లార్డ్ ఛాన్సలర్ లేదా లార్డ్ కీపర్ అనే పెద్ద న్యాయాధికారి దగ్గర ఉంటుంది. 1642 మే నెలలో, రాజుకూ పార్లమెంటుకూ చెడిన తర్వాత, లార్డ్ కీపర్ లిటిల్టన్ ముద్రను యార్క్‌లో ఉన్న రాజు దగ్గరికి చేర్చి, తనూ వెనకే వెళ్లిపోయాడు. లండన్‌లో పార్లమెంటు చేతులు కట్టేసినట్టయింది. చివరికి 1643లో పార్లమెంటు తనకంటూ ఒక కొత్త ముద్ర చేయించుకుంది.

దీనివల్ల మామూలు జనానికి వచ్చిన కష్టం ఎలాంటిదో ఒక ఉదాహరణతో చూద్దాం. 1644లో ఒకతనికి ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రాజు ముద్రతో పదవి వచ్చిందనుకోండి. అదే పదవి ఇంకొకరికి లండన్ ముద్రతో వచ్చింది. ఇద్దరి దగ్గరా రాజు పేరుతో ఉన్న కాగితాలే! పార్లమెంటు కూడా అప్పటికి రాజు పేరుతోనే పాలిస్తోంది. రాజు చుట్టూ చేరిన చెడు సలహాదారుల మీదే తమ పోరాటమని చెప్పుకుంటోంది. మరి ఏ కాగితం చెల్లుతుంది? జవాబు చట్టంలో లేదు. ఎవరి సైన్యం గెలిస్తే వాళ్ల కాగితం చెల్లుతుంది. 1646లో ఆక్స్‌ఫర్డ్ లొంగిపోయాక రాజు ముద్రను తెచ్చి పగలగొట్టారు.

చట్టాన్నే నమ్ముకున్న లాయరుకు ఇంతకంటే ఇబ్బందికరమైన పరిస్థితి ఉండదు. వైట్‌లాక్ జీవితమంతా ఆ ఇబ్బంది మధ్యే గడిచింది.

కోర్టుల నీడలో పెరిగిన పిల్లాడు

1605 ఆగస్టులో లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో, తల్లికి మేనమామో చిన్నాన్నో వరసయ్యే జార్జ్ క్రోక్ ఇంట్లో ఆయన పుట్టాడు. ఈ క్రోక్ తర్వాత పెద్ద జడ్జి అయ్యాడు, కథలో మళ్లీ వస్తాడు. తండ్రి జేమ్స్ వైట్‌లాక్ కూడా లాయరే. రాజు అధికారానికి హద్దులున్నాయని వాదించి 1613లో జైలుకు వెళ్లి వచ్చినవాడు. అలాంటి మనిషే తర్వాత కింగ్స్ బెంచ్ కోర్టులో జడ్జి అయ్యాడు. రాజును ప్రశ్నించవచ్చు, అదే రాజు కోర్టులో కొలువూ చేయవచ్చు, రెండింటికీ పొసగనిదేమీ లేదు అన్నది ఆ ఇంట్లో కళ్లముందు కనిపించిన పాఠం.

ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మిడిల్ టెంపుల్ నుంచి 1626లో లాయరయ్యాడు. మిడిల్ టెంపుల్ అంటే లాయర్లను తయారుచేసే లండన్ సంస్థల్లో ఒకటి. గాంధీ బారిస్టరు చదివిన ఇన్నర్ టెంపుల్ దాని పక్కనే. అక్కడ ఎడ్వర్డ్ హైడ్ అనే కుర్ర లాయరుతో స్నేహం కుదిరింది. 1634 ఫిబ్రవరిలో లాయర్లంతా కలిసి రాజదంపతుల ముందు భారీ సంగీత నృత్య ప్రదర్శన ఇచ్చారు. ఖర్చు దాదాపు 21,000 పౌండ్లు. ఏర్పాట్లు చూసిన కమిటీలో మిడిల్ టెంపుల్ తరఫున ఉన్నది ఈ ఇద్దరు మిత్రులే. సంగీతం బాధ్యత వైట్‌లాక్‌ది. ఆయన కట్టిన ఒక నృత్య బాణీ జనంలోకి వెళ్లి ఆయన పేరుతోనే నిలిచింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఈ మిత్రులు చెరో పక్షాన ఉన్నారు.

20 షిల్లింగుల కేసు

అసలు గొడవ ఎక్కడ మొదలైందో తెలియాలంటే ‘ఓడ పన్ను’ గురించి చెప్పుకోవాలి. యుద్ధ భయం ఉన్నప్పుడు తీరప్రాంత పట్టణాలు రాజుకు ఓడలు గానీ, వాటికి సరిపడా డబ్బు గానీ ఇవ్వడం పాత ఆచారం. చార్లెస్ 1634లో ఆ ఆచారాన్ని తిరగదోడి, మరుసటి ఏడాది సముద్రం ముఖం చూడని జిల్లాలకు కూడా పన్ను వేశాడు. పార్లమెంటును అడగలేదు. 1629 తర్వాత అసలు పార్లమెంటును పిలవనే లేదు.

బకింగ్‌హామ్‌షైర్ భూస్వామి జాన్ హాంప్డెన్ కట్టనన్నాడు. కోర్టుకెక్కిన మొత్తం 20 షిల్లింగులు, అంటే ఒక్క పౌండు. ఆయనకది లెక్కలోది కాదు. దేశానికి ఆపద వచ్చిందో లేదో తేల్చేది రాజొక్కడే అయితే, ఆ పేరు చెప్పి ప్రతి ఏటా పన్ను వేయవచ్చు, ఇక పార్లమెంటుతో పనేముంది అన్నదే ప్రశ్న. హాంప్డెన్ సలహా తీసుకున్న లాయర్లలో వైట్‌లాక్ ఒకడు. 1638లో 12 మంది జడ్జీల్లో 7 మంది రాజు వైపు, 5 మంది హాంప్డెన్ వైపు తీర్పు చెప్పారు. ఆ ఐదుగురిలో ఒకరు జార్జ్ క్రోక్, వైట్‌లాక్ ఎవరింట్లో పుట్టాడో ఆ పెద్దాయన.

ఇక్కడ ఒకటి గమనించాలి. రాజు చట్టాన్ని పక్కన పెట్టలేదు. కోర్టుకు వెళ్లాడు, గెలిచాడు. హాంప్డెన్ పక్షమూ చట్టం గురించే మాట్లాడింది. రెండు వైపులా చట్టమే ఆయుధం. అందుకే ఈ యుద్ధంలో లాయర్లకు అంత పని పడింది.

ఒక విచారణ, ఒక చట్టం

1640 నవంబరులో మొదలైన ‘లాంగ్ పార్లమెంటు’లో వైట్‌లాక్ గ్రేట్ మార్లో నుంచి సభ్యుడు. రాజుకు కుడిభుజం లాంటి స్ట్రాఫర్డ్ ప్రభువు మీద దేశద్రోహం కేసు నడిపే కమిటీకి ఆయన్నే అధ్యక్షుణ్ని చేశారు.

కేసులో పెద్ద చిక్కుంది. 1352 నాటి చట్టం ప్రకారం దేశద్రోహం అంటే రాజు మీద ద్రోహం. రాజు చెప్పిన పని చేసిన మంత్రి రాజుకు ద్రోహి ఎలా అవుతాడు? స్ట్రాఫర్డ్ తన వాదన తానే అద్భుతంగా వినిపించుకున్నాడు. ఆ ధైర్యాన్నీ వాక్చాతుర్యాన్నీ వైట్‌లాకే తర్వాత మనసారా మెచ్చుకుంటూ రాశాడు. విచారణలో నేరం రుజువు కావడం కష్టమని తేలాక పార్లమెంటు దారి మార్చి ‘అటైండర్’ బిల్లు తెచ్చింది. ఫలానా మనిషి దోషి, మరణశిక్ష అని నేరుగా చట్టమే చేసేయడం అన్నమాట. రుజువు అక్కర్లేదు, ఓట్లు చాలు. 1641 మే 12న స్ట్రాఫర్డ్ తల తెగింది.

రాజు ఆ బిల్లుకు ఒప్పుకున్న రోజే ఇంకో బిల్లుకూ ఒప్పుకున్నాడు. ఈ పార్లమెంటును దాని సొంత అంగీకారం లేకుండా రద్దు చేయకూడదన్నది అందులో మాట. దాన్ని రాసింది వైట్‌లాక్. ఆ చిన్న చట్టం చేసిన పని చూడండి. 1653లో క్రామ్‌వెల్ తుపాకుల సైనికులను తెచ్చి సభ్యులను బయటికి పంపేశాడు. తలుపులకు తాళం పడింది. కానీ సభ తనంతట తాను రద్దు కాలేదు గనక, చట్టం ప్రకారం ఇంకా బతికే ఉందన్నమాట! ఆరేళ్ల తర్వాత, 1659లో, అదే సభ్యులు మిగిలినవాళ్లు తిరిగొచ్చి కూర్చున్నారు. చివరికి 1660 మార్చి 16న అది తనను తానే రద్దు చేసుకుంది. సైన్యాలు తేల్చలేని విషయాన్ని ఒక లాయరు రాసిన వాక్యం 19 ఏళ్ల పాటు పట్టుకుని నిలిపింది.

పుస్తకాలతో చుట్టలు ముట్టించిన రాత్రి

1642లో సైన్యం ఎవరి అదుపులో ఉండాలన్న గొడవ ముదిరింది. రాజుదే అన్నారు రాజు మనుషులు, పార్లమెంటుదే అన్నారు రెండోవాళ్లు. వైట్‌లాక్ సభలో రెండూ కాదన్నాడు. ఆ అధికారం రాజుకూ పార్లమెంటుకూ ఉమ్మడిగా ఉందని ఆయన వాదన. చట్టం దృష్టిలో అది సబబే కావచ్చు. కానీ ఉమ్మడి ఆస్తి పంచుకునే ఇద్దరూ కత్తులు దూశాక ఉమ్మడి అన్న మాటకు చోటెక్కడిది? ఆయన పార్లమెంటు వైపు నిలిచాడు. హైడ్ రాజు వైపు వెళ్లాడు. వైట్‌లాక్ భూములన్నీ పార్లమెంటు అదుపులో ఉన్న ప్రాంతంలో ఉన్నాయని, అన్నీ పోగొట్టుకునే తెగువ ఆయన స్వభావంలో లేదని హైడ్ తర్వాత రాశాడు. ఆ మాటలో స్నేహమూ ఉంది, నిష్ఠూరమూ ఉంది.

అయితే పోగొట్టుకోవడం తప్పలేదు. 1642 నవంబరులో రాజు గుర్రపు దళాలు హెన్లీ దగ్గర ఆయన ఇల్లు ఫాలీ కోర్ట్‌లో దిగాయి. దాదాపు వెయ్యి మంది. ఏమీ పాడుచేయవద్దని వాళ్ల అధికారులు చెప్పారు. వినేదెవరు? తిండీ తాగుడూ ఖాళీ చేశారు. వేట కుక్కలను పట్టుకుపోయారు. తోట కంచె విరగ్గొట్టి జింకలను చంపారు. అన్నిటికంటే ఆయన మనసు కోసింది పుస్తకాల సంగతి. చేతిరాత ప్రతులనూ, భూమి దస్తావేజులనూ చింపి, ఆ కాగితాలతో పొగాకు ముట్టించుకున్నారు. తర్వాతి తరాల పనికొచ్చే దస్తావేజులు అలా బూడిదవడం గురించి ఆయన రాసిన తీరు చూస్తే, డబ్బు నష్టం కంటే అదే ఎక్కువ బాధించిందని తెలుస్తుంది. దస్తావేజు పోతే హక్కు పోతుంది. పాత కాగితం విలువ లాయరుకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత యుద్ధమంతా ఆయన రాజీ కోసమే తిరిగాడు. 1643లో ఆక్స్‌ఫర్డ్ చర్చలు, 1644లో మళ్లీ ఆక్స్‌ఫర్డ్, 1645లో అక్స్‌బ్రిడ్జ్. బల్లకు అటువైపు హైడ్, ఇటువైపు ఆయన. ఏదీ కుదరలేదు. పైగా ఆక్స్‌ఫర్డ్‌లో రాజుకు రహస్యంగా సలహా రాసిచ్చాడని 1645లో దేశద్రోహం ఆరోపణ మీద పడింది. సభ విచారించి వదిలేసింది. సలహా ఇచ్చిన మాట మాత్రం నిజమే.

‘రుజువులేవీ?’ అని అడిగిన అర్ధరాత్రి

1644 డిసెంబరులో ఒక రాత్రి బాగా పొద్దుపోయాక పార్లమెంటు సేనాని ఎసెక్స్ ప్రభువు దగ్గర్నుంచి కబురొచ్చింది. వైట్‌లాక్, ఆయన తోటి లాయరు మేనార్డ్ వెళ్లేసరికి స్కాట్లండ్ ప్రతినిధులు, హోల్స్ లాంటి నాయకులు కూర్చుని ఉన్నారు. విషయం క్రామ్‌వెల్. అప్పటికి ఆయన ఎదుగుతున్న గుర్రపు దళ నాయకుడు, స్కాట్లండ్ వాళ్లకు కంట్లో నలుసు. స్కాట్లండ్‌తో చేసుకున్న ఒప్పందంలో ‘చిచ్చు పెట్టేవాళ్లను’ శిక్షించాలని ఉంది. ఇంగ్లండ్ చట్టం ప్రకారం ఆ మాటకు అర్థమేమిటి, క్రామ్‌వెల్ దానికిందకు వస్తాడా? ఇదీ వాళ్లడిగింది.

వైట్‌లాక్ మాటకు అర్థం చెప్పాడు. ఆ వెంటనే, ఫలానా మనిషి అలాంటివాడని తేల్చాలంటే ఏం అన్నాడో, ఏం చేశాడో రుజువులు కావాలన్నాడు. అవి చేతికి రాకుండా ఇంత పలుకుబడి ఉన్న మనిషి మీద నేరం మోపితే, ఓడిపోయేది మోపినవాళ్లేనన్నాడు. మేనార్డ్ కూడా అదే చెప్పాడు. ఆలోచన అక్కడితో ఆగింది. ఇంగ్లండ్ చరిత్రను మలుపు తిప్పిన మనిషి ఆ రాత్రి గండం నుంచి బయటపడింది, ఇద్దరు లాయర్లు సాక్ష్యం అడగడం వల్లే.

వైట్‌లాక్ పద్ధతి మొత్తం ఈ ఘట్టంలో కనిపిస్తుంది. మంచిదా చెడ్డదా అని ఆయన చెప్పడు. రుజువవుతుందా, చట్టంలో నిలుస్తుందా అని అడుగుతాడు.

రాజు విచారణ నుంచి పారిపోయి, రాజు లేని ప్రభుత్వంలో కొలువు

1648 డిసెంబరు 6న సైన్యం పార్లమెంటు గుమ్మం దగ్గర నిలబడి, రాజుతో రాజీ కోరే సభ్యులను లోపలికి పోనివ్వలేదు. మిగిలిన కొద్దిమంది రాజు మీద విచారణకు సిద్ధమయ్యారు. వైట్‌లాక్ అప్పటికి పార్లమెంటు తరఫున రాజముద్రను చూసుకునే కమిషనర్లలో ఒకడు. నేరారోపణ పత్రం రాయడానికి రమ్మని డిసెంబరు 26న పిలుపు వచ్చింది. ఆయనా, తోటి కమిషనర్ విడ్రింగ్టనూ బండి కట్టించుకుని ఊరు దాటిపోయారు.

అదే పనికి జాన్ కుక్ అనే లాయరు ముందుకొచ్చాడు. రాజు కూడా చట్టానికి జవాబుదారీ అని నమ్మి, ప్రాసిక్యూటరుగా నిలబడ్డాడు. 1649 జనవరి 20న విచారణ మొదలైంది. మరణ పత్రం మీద 59 మంది సంతకం చేశారు. 30న రాజు తల నరికారు. ఆ రోజంతా వైట్‌లాక్ సభకు వెళ్లకుండా ఇంట్లో తన గదిలో ప్రార్థన చేసుకుంటూ గడిపానని రాసుకున్నాడు.

పదిరోజులు తిరగకుండానే ఆయన ముందుకు అసలు ప్రశ్న వచ్చింది. రాజు పోయాడు. కోర్టు ఉత్తర్వులన్నీ రాజు పేరుతో నడిచేవి. జడ్జీల నియామకాలు రాజు ప్రాణంతో ముడిపడినవి. ఒక వితంతువు తనకు రావలసిన అప్పు కోసం జనవరిలో దావా వేసిందనుకోండి. 31వ తేదీన ఆమె దావా ఎవరి కోర్టులో ఉన్నట్టు? దొంగను పట్టుకున్న కానిస్టేబులు ఎవరి పేరుతో పట్టుకున్నట్టు? రాజును చంపిన పద్ధతి తప్పని నమ్మేవాళ్లయినా ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతుక్కోక తప్పదు.

పాత ముద్రను సభలోనే నేల మీద పెట్టి ఒక పనివాడు పగలగొట్టాడు. కొత్త ముద్ర మీద రాజు బొమ్మ లేదు. ఒకవైపు ఇంగ్లండ్, ఐర్లండ్ పటం, రెండోవైపు కొలువుతీరిన సభ. దేవుడి దయతో స్వేచ్ఛ తిరిగొచ్చిన మొదటి సంవత్సరం 1648 అని అక్షరాలు. (1649 కదా అనిపించవచ్చు. అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది.) విడ్రింగ్టన్ ఆ ముద్ర తీసుకోనన్నాడు. వైట్‌లాక్ ముందు నసిగి, తర్వాత ఒప్పుకున్నాడు. 12 మంది జడ్జీల్లోనూ చీలిక వచ్చింది. మౌలిక చట్టాల జోలికి వెళ్లబోమని సభ హామీ ఇచ్చాక 6 మంది కొనసాగారు, 6 మంది తప్పుకున్నారు.

కుక్, విడ్రింగ్టన్, వైట్‌లాక్. ఒకే వృత్తిలో ఉన్న ముగ్గురు, ఒకే నెల రోజుల్లో మూడు జవాబులు. ముగ్గురూ చట్టం కోసమే అన్నారు. నాకు మాత్రం కష్టమనిపించేది వైట్‌లాక్ దారి. విచారణ తప్పని తెలిసి దానికి దూరంగా వెళ్లాడు గానీ, తప్పని సభలో లేచి చెప్పలేదు. ప్రభువుల సభ రద్దు కూడా ఆయనకు ఇష్టం లేదు. ఆ రద్దు బిల్లు రాసింది మళ్లీ ఆయనే.

హక్కున్న రాజు, చేతిలో అధికారమున్న రాజు

ఆయన్ను సమర్థించేవాళ్లు చూపించే చట్టమొకటుంది. 1485లో ఏడో హెన్రీ యుద్ధంలో మూడో రిచర్డ్‌ను చంపి రాజయ్యాడు. రాజ్యం ఇలా చేతులు మారుతుంటే, నిన్నటి రాజుకు విధేయంగా ఉన్నవాడు ఇవాళ ద్రోహి అవుతాడు. అందుకే 1495లో చట్టం చేశారు. ఆ సమయానికి సింహాసనం మీదున్న రాజుకు సేవ చేసినవాణ్ని తర్వాత దేశద్రోహిగా శిక్షించకూడదు. సింహాసనం మీద అతనికి హక్కుందా లేదా అని సామాన్యుడు తేల్చుకోనక్కర్లేదన్నమాట.

ఇందులో మెలిక ‘రాజు’ అన్న మాట. ప్రభుత్వం అనో, పార్లమెంటు అనో చట్టంలో లేదు. 1657లో, ‘ప్రొటెక్టర్’ పేరుతో దేశాన్ని ఏలుతున్న క్రామ్‌వెల్‌ను పార్లమెంటు రాజువి కమ్మని అడిగినప్పుడు లాయర్లు పట్టుబట్టింది ఇక్కడే. ఆయనను ఒప్పించడానికి వేసిన కమిటీకి వైట్‌లాకే అధ్యక్షుడు. ‘ప్రొటెక్టర్’ అన్న పదవి ఏ పాత చట్టంలోనూ లేదు, దాని హద్దులేమిటో ఎవరికీ తెలియదు. ‘రాజు’కు ఏమి చెల్లుతుందో, ఏమి చెల్లదో ప్రతి కోర్టుకూ తెలుసు. అంటే కిరీటం పెట్టుకుంటే క్రామ్‌వెల్ అధికారం పెరగదు, దానికి హద్దులు పడతాయి. మే 8న ఆయన వద్దన్నాడు. సైన్యంలో తన మనుషులే రాజరికం పేరు వింటే మండిపడుతున్నారు.

లాయర్ల భయం ఉత్తది కాదని తేలడానికి ఐదేళ్లు పట్టింది. రాజరికం తిరిగొచ్చాక, 1662లో, పార్లమెంటు పక్షం నాయకుడు సర్ హెన్రీ వేన్ మీద దేశద్రోహం విచారణ జరిగింది. రాజు లేని కాలంలో అధికారంలో ఉన్న పార్లమెంటుకు సేవ చేశాను, 1495 చట్టం నన్ను కాపాడాలి అన్నాడు. ఆ చట్టం రాజు గురించే చెబుతుంది, పార్లమెంటు గురించి కాదు అని జడ్జీలు కొట్టేశారు. ఆ జూన్‌లోనే వేన్ తల నరికారు.

చట్టం జనం భాషలో

పదవిలో కొనసాగి ఆయన ఏం సాధించాడు? నా దృష్టిలో మొదట చెప్పాల్సింది భాష సంగతి. అప్పటి ఇంగ్లండ్‌లో కోర్టు రికార్డులు లాటిన్‌లో, కేసుల నివేదికలు వాడుకలోంచి ఎప్పుడో పోయిన ఒక రకం ఫ్రెంచిలో ఉండేవి. రాత కూడా గుమస్తాలకు తప్ప చదవరాని ప్రత్యేక లిపి. ఆరోపణ తన మీదే ఉన్నా, అందులో ఏముందో నిందితుడికి తెలియదు. 1650 నవంబరులో ఇదంతా ఇంగ్లిష్‌లోకి మార్చే చట్టం వచ్చినప్పుడు వైట్‌లాక్ లాయరై ఉండి కూడా దాన్ని సమర్థిస్తూ సభలో మాట్లాడాడు. 1660లో రాజరికంతోపాటు పాత భాషలు కూడా తిరిగొచ్చాయి. మళ్లీ ఇంగ్లిష్ రావడానికి 1733 దాకా ఆగాల్సి వచ్చింది. తీర్పు తన భాషలో చదువుకోలేని కక్షిదారు బాధ తెలిసిన మన తెలుగువాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

1653 చివర్లో ఆయన్ను స్వీడన్ రాణి క్రిస్టీనా దగ్గరికి రాయబారిగా పంపారు. తన అడ్డు తొలగించుకోవడానికే క్రామ్‌వెల్ అలా పంపాడని ఆయన అనుమానం. ఉప్సాలాలో సంధి కుదుర్చుకుని 1654లో తిరిగొచ్చాడు.

ఒక్కసారి మాత్రం ఆయన పదవి వదులుకున్నాడు. రాజముద్ర చూసుకునేవాళ్లే నడిపే ఛాన్సరీ కోర్టును సంస్కరిస్తూ క్రామ్‌వెల్ ప్రభుత్వం పార్లమెంటు లేకుండా ఒక ఆజ్ఞ జారీ చేసింది. దాన్ని అమలు చేయనని 1655 జూన్‌లో ముద్ర తిరిగిచ్చేశాడు. దేశంలోనే పెద్ద పదవుల్లో ఒకటి, ఏటా 1,000 పౌండ్ల జీతం. అలా చూస్తే మెచ్చుకోవాలి. కొద్ది వారాల్లోనే ఖజానా చూసే ట్రెజరీ కమిషనరయ్యాడన్నదీ నిజం.

ఒక్క పూట తేడా

1658లో క్రామ్‌వెల్ చనిపోయాడు. కొడుకు రిచర్డ్ ఏడాది కూడా నిలవలేదు. 1659 అక్టోబరులో సైన్యం పార్లమెంటును మళ్లీ తరిమేసి ఒక కమిటీ పెట్టింది. వైట్‌లాక్ అందులోనూ చేరి ముద్ర పుచ్చుకున్నాడు. ఆయన జీవితంలో సమర్థించడం అన్నిటికంటే కష్టమైన అడుగు ఇదేనని నా అభిప్రాయం. అప్పటిదాకా కనీసం పార్లమెంటు అనే నీడ ఉంది. ఇక్కడ అదీ లేదు.

డిసెంబరు 22న ఆయన సేనాపతి ఫ్లీట్‌వుడ్‌ దగ్గరికి వెళ్లాడు. స్కాట్లండ్ నుంచి జనరల్ మాంక్ సైన్యంతో వస్తున్నాడు, చార్లెస్ కొడుకును రాజుగా ఎలాగూ తెస్తాడు, ఏ షరతూ లేకుండా తెస్తాడు, అంతకంటే ముందే మనం మనిషిని పంపి షరతులతో రాజును పిలుద్దాం అని చెప్పాడు. ఫ్లీట్‌వుడ్ సరేనన్నాడు. వెళ్లి ప్రయాణానికి సిద్ధం కమ్మన్నాడు. వైట్‌లాక్ గది దాటుతుండగా వేన్, సైనికాధికారులు డెస్‌బరో, బెర్రీ లోపలికి వచ్చారు. పావుగంటలో ఫ్లీట్‌వుడ్ ఆవేశంగా బయటికొచ్చి, నావల్ల కాదన్నాడు. వారం తర్వాత వైట్‌లాక్ భార్య మేరీ ఆ పెట్టె పట్టుకుని స్పీకర్ దగ్గరికి నడిచింది.

ఎలా తూకం వేయాలి?

ఆయన్ను అవకాశవాది అనేవాళ్ల వాదన బలమైనదే. తప్పని తెలిసిన ప్రతిసారీ పక్కకు తప్పుకున్నాడే గానీ ఎదురు నిలవలేదు. పని అయిపోయాక తిరిగొచ్చి పదవి తీసుకున్నాడు. ఆయన వైపు మాట్లాడేవాళ్లు అడిగేది వేరు. అందరూ తప్పుకుని ఉంటే కోర్టుల్లో ఎవరు కూర్చునేవాళ్లు? సైనికాధికారులే కదా! రాజులు మారినా, ప్రభుత్వాలు మారినా ఆ 20 ఏళ్లలో భూమి హక్కులు, వారసత్వాలు, అప్పులు పాత చట్టం ప్రకారమే తేలాయి. అలా తేలడానికి పదవుల్లో నిలిచిపోయిన లాయర్లే కారణం. మాథ్యూ హేల్ అనే లాయరు కూడా క్రామ్‌వెల్ కింద జడ్జిగా చేశాడు. రెండో చార్లెస్ కూడా ఆయన్ను జడ్జిగానే పెట్టుకున్నాడు. హేల్‌ను ఎవరూ గోడమీది పిల్లి అనలేదు.

ఇంకో జాగ్రత్త అవసరం. వైట్‌లాక్ గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఆయన రాసుకున్నదే, అందులోనూ ఎక్కువ రాజరికం తిరిగొచ్చాక తిరగరాసుకున్నది. 1652లో సెయింట్ జేమ్స్ పార్కులో క్రామ్‌వెల్ తనను ‘ఒక మనిషి రాజు కావాలనుకుంటే ఏమంటావ్’ అని అడిగాడని, చార్లెస్ కొడుకుతోనే ఒప్పందం చేసుకోమని తాను చెప్పానని రాశాడు. అక్కడున్నది వాళ్లిద్దరే. 1660 తర్వాత ఆ మాట చెప్పుకోవడంలో లాభముంది. అబద్ధమని తేల్చలేం, అచ్చంగా నమ్మేయలేం. పొగాకు కోసం కాల్చిన కాగితాల సంగతి, పెట్టె పట్టుకెళ్లిన భార్య సంగతి అలాంటివి కావు. అవి చెప్పుకుంటే ఆయనకు ఒరిగేదేమీ లేదు.

నన్నడిగితే, ‘ఫిరాయింపు’ అన్న మన మాట ఇక్కడ సరిగా అతకదు. ఫిరాయించాలంటే ముందు ఒక పక్షానికి మాటిచ్చి ఉండాలి. ఆయన మాటిచ్చింది కోర్టుకు. కాకపోతే ఆ మాట నిలబెట్టుకోవడానికి గొంతెత్తాల్సిన రోజులు కొన్ని వచ్చాయి. ఆ రోజుల్లో ఆయన ఊళ్లో లేడు.

1660 తర్వాత

మొదటి చార్లెస్ కొడుకు రెండో చార్లెస్ రాజుగా తిరిగొచ్చాడు. ఎవరిని క్షమించాలి, ఎవరిని వదలకూడదు అన్న జాబితాలు మొదలయ్యాయి. జూన్ 14న వైట్‌లాక్ పేరు కూడా శిక్షల జాబితాలో చేర్చాలన్న తీర్మానం సభలో 134 ఓట్లకు 175 ఓట్లతో వీగిపోయింది. క్షమాపణ కోసం ఆయన చాలా డబ్బు పోసుకోవాల్సి వచ్చింది. జాన్ కుక్‌కు ఆ అదృష్టం లేదు. అక్టోబరు 16న ఛేరింగ్ క్రాస్ దగ్గర ఉరితీసి, శరీరాన్ని ముక్కలు చేశారు. ఆయన చేసిన నేరం, 1648 డిసెంబరులో వైట్‌లాక్ బండెక్కి తప్పించుకున్న పనిని ఒప్పుకోవడమే.

వైట్‌లాక్ విల్ట్‌షైర్‌లోని చిల్టన్ లాడ్జ్‌లో స్థిరపడ్డాడు. ప్రభుత్వ చర్చిలో చేరనివాళ్లకు న్యాయ సలహాలిచ్చాడు. 1672లో రాజు మత విషయంలో సడలింపు ప్రకటించాక ఆయన ఇంట్లోనే వాళ్ల ప్రసంగాలు జరిగాయి.

పాత మిత్రుడు హైడ్ ఇప్పుడు క్లారెండన్ ప్రభువు, లార్డ్ ఛాన్సలర్, కొత్త రాజు రాజముద్రకు కాపలాదారు. చివరికి గెలిచిన రాజు పక్షాన్ని, ఓడిన రోజుల్లో కూడా వదలని మనిషి. 1667లో ఆ రాజే ఆయన్ను పదవి నుంచి తీసేశాడు. పార్లమెంటు విచారణకు దిగడంతో ఫ్రాన్స్ పారిపోయాడు. 1674 డిసెంబరులో రువాన్‌లో, దేశానికి రానివ్వండని వేడుకుంటూనే చనిపోయాడు. ఏడు నెలల తర్వాత, 1675 జులై 28న, వైట్‌లాక్ చిల్టన్ లాడ్జ్‌లో తన ఇంట్లో కన్నుమూశాడు. గుర్రపు దళాలు దస్తావేజులు కాల్చిన ఆ ఫాలీలోనే ఆయన్ను పూడ్చిపెట్టారు.